అధికారిక అభిమానులు

చింతలరేవు పురపాలక సంఘానికి నీటి కొరత కొత్త కాదు. దోమల మందు కొరత, వీధి దీపాల కొరత, చెత్త బండ్ల కొరత కూడా ఊరివాళ్ళకు అలవాటైపోయినవే. కానీ ఆ ఏడు వానాకాలం వెళ్ళిపోతూండగా రాజధాని నుంచి వచ్చిన ఒక ఉత్తర్వు, ఎవరూ కలలో కూడా అనుకోని కొరతను బయటపెట్టింది. "మీ పట్టణమునందు చైనా గాయకులు శ్రీ షెన్ లుయో గారి పట్ల ప్రజాభిమానము మిక్కిలి తక్కువగా ఉన్నట్లు ప్రభుత్వ దృష్టికి వచ్చినది. తక్షణమే తగు చర్యలు గైకొనవలెను" అని అందులో ఉంది.

ఆ కాగితాన్ని మొదట చదివినవాడు సీనియర్ అసిస్టెంటు తిరువీధుల నరహరి. పొద్దున్నే స్నానం చేసి, నామం పెట్టుకుని, దేవుడి దగ్గర పారాయణ ముగిస్తే గాని కాఫీ ముట్టని మనిషి. ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ జనన మరణాల విభాగంలోనే ఉన్నాడు. ఒకరికి ఒకరి మీద అభిమానం తక్కువైతే అది ఏ విభాగం కిందికి వస్తుందో ఆయనకు తోచలేదు. ఆలోచించి పారిశుద్ధ్యం వాళ్ళకు పంపాడు. వాళ్ళు తమది కాదని రాసి పట్టణ ప్రణాళిక వాళ్ళకు పంపారు. అక్కడి నుంచి తిరిగి తిరిగి అది నరహరి బల్ల మీదికే వచ్చింది. పైగా ఇప్పుడు దాని మీద "కన్వీనరు: శ్రీ టి. నరహరి" అని కమిషనరు గారు ఎర్ర సిరాతో రాసి ఉన్నారు.

అసలు సంగతి ఇది. సెల్‌ఫోన్లలో పెట్టే సామగ్రి చేసే ఒక చైనా కంపెనీ సముద్రతీరంలో కర్మాగారం పెట్టాలని జాగా వెతుకుతోంది. షెన్ లుయో ఆ కంపెనీకి ప్రచారకర్త. తమ గాయకుణ్ణి ఆదరించే ఊళ్ళు ఏవైనా ఉంటే ఒకచోట ఆయన వచ్చి పాడతాడని, ఆ ఊరిని కూడా పరిశీలిస్తామని కంపెనీ మర్యాదకు ఒక వాక్యం రాసింది. ఆ వాక్యాన్ని ప్రభుత్వం మర్యాదగా చదవలేదు. శ్రద్ధగా చదివింది.

వారం తిరక్కుండా ప్రత్యేకాధికారి బలుసు మార్కండేయులు గారు దిగారు. సభలకు జనాన్ని తరలించడంలో ఆయనకు సాటి లేదని పేరు. ఏ మైదానాన్నయినా గుమ్మంలో నిలబడి ఒక్క చూపు చూసి, ఎన్ని బస్సుల జనం పడుతుందో, ఎన్ని పులిహోర పొట్లాలు కావాలో చెప్పగలరు. ఎండలో ఎంతసేపటికి జనం లేచిపోతారో కూడా ఆయనకు తెలుసు గనక, గేట్లకు తాళాలు వేయించే పద్ధతి ఆయనే మొదలుపెట్టారు. సమీక్షా సమావేశంలో ఆయన, అభిమానం అనేది ఒక మౌలిక వసతి అని, రోడ్డులాగే దాన్ని కూడా అంచనా వేసి, మంజూరు చేసి, నిర్ణీత గడువులో పూర్తి చేయాలని చెప్పారు. పదివేల మంది ధ్రువీకృత అభిమానులు లక్ష్యం అన్నారు.

నరహరి వెనక వరసలోంచి లేచి, మెల్లగా తన సందేహం బయటపెట్టాడు.

"సార్, అభిమానం అన్నది దానంతటది పుట్టాలి కదండీ."

మార్కండేయులు గారు కళ్ళజోడు పైనుంచి చూశారు. "పుట్టిందని ధ్రువపత్రం ఇచ్చే విభాగం మీదే కదా నరహరి గారూ. ఇవ్వండి."

సమావేశం నవ్వింది. నరహరి కూర్చున్నాడు.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఆయన ఈ సంగతి చెబుతూంటే, కూతురు గోద కలుపుకున్న ముద్ద కంచంలోనే వదిలేసి లేచింది. భార్య అలివేలు కంగారు పడింది గాని, పిల్ల ఏడవడానికి లేవలేదు. గోడకు నుదురు ఆనించుకుని నవ్వుతూ నిలబడింది.

"ఆయన మన ఊరొస్తాడా నాన్నా?"

గోదకు షెన్ లుయో అంటే ప్రాణమని నరహరికి తెలుసు. తెలిసి, తెలియనట్టు ఊరుకున్నాడు. కిందటేడు ఇంటర్మీడియెట్ పరీక్ష తప్పినప్పుడు గోద నెలల తరబడి గది దాటి బయటికి రాలేదు. తలుపు గడియ పెట్టుకుంటే తల్లి గుమ్మంలోనే కూర్చునేది. మొక్కని దేవుడు లేడు. అప్పుడు ఆ గదిలోంచి, పిల్ల ఫోనులో ఒక సన్నటి గొంతు పాడటం వినిపించేది, తెలియని భాషలో, కూనిరాగంలాగా. ఆ పాటల మొదలు ఏమిటో, చివర ఏమిటో నరహరికి బోధపడేది కాదు. కానీ ఒక పొద్దున పిల్ల తలుపు తీసుకుని వచ్చి, తల దువ్వమని తల్లి ముందు కూర్చుంది. మళ్ళీ పరీక్షకు కట్టింది, గట్టెక్కింది.

తరవాత గోదే చెప్పింది. ఆ షెన్ లుయో ఒక పడవ నడిపేవాడి కొడుకట. చిన్నతనంలోనే టీవీ పోటీలో గెలిచి దేశమంతా మోగిపోయాడట. గొంతు మారే వయసులో ఆ గొంతు కాస్తా పోయిందట. జనం వదిలేశారు, పాటల కంపెనీ వదిలేసింది. రెండేళ్ళు ఎక్కడున్నాడో ఎవరికీ తెలియదు. తిరిగి వచ్చినప్పుడు చాలా చిన్న గొంతుతో వచ్చాడు. అందుకని ఆయన పాడుతూంటే అభిమానులు చప్పట్లు కొట్టరు, కేకలు వెయ్యరు, ఊపిరి బిగబట్టి వింటారు. వేలమంది కూర్చున్న మైదానంలో కూడా.

"అర్థం కాని పాట అంతగా ఏం వింటావే?" అని ఒకసారి నరహరి అడిగితే, "ధనుర్మాసంలో మీరు చదివే అరవ పాశురాలు మీకు అర్థమవుతాయా నాన్నా?" అంది. అప్పటినుంచి ఆ పిల్ల చైనా మాటలు కూడబలుక్కుంటూంటే మందలించడం మానేశాడు.

ఇప్పుడు గోద అడిగింది ఒక్కటే. అందరికన్నా వెనక, ఏ మూల అయినా సరే, ఒక్కసారి ఆయన ఎదురుగా పాడుతూంటే వినాలి. "మళ్ళీ ఈ జన్మలో ఆయన మన వైపు రాడు నాన్నా" అంది. కన్వీనరుకు అదేమంత పని అనుకుని నరహరి సరేనన్నాడు. కన్వీనరు అంటే ఏమిటో అప్పటికి ఆయనకు తెలియదు.

అభిమానుల ఎంపికకు రాతపరీక్ష పెట్టారు. పొదుపు సంఘాల మహిళలకు మాత్రం మినహాయింపు ఇచ్చారు. సభలకు వచ్చిన పూర్వానుభవాన్ని వాళ్ళకు అర్హతగా లెక్కగట్టారు. మిగతా వాళ్ళు పురపాలక ఉన్నత పాఠశాలలో బెంచీకి ఒకరు చొప్పున కూర్చుని రాశారు. ప్రశ్నాపత్రం తయారుచేసింది మార్కండేయులు గారి కార్యాలయం. షెన్ లుయో గారి జన్మస్థలం ఏది అన్న ప్రశ్నకు గోద, యాంగ్జీ నది ఒడ్డున ఒక చిన్న రేవు పేరు రాసింది. సరైన జవాబు "చైనా రాజధాని" అని పరీక్ష తరవాత ప్రకటించారు. గాయకుడు పాడుతున్నప్పుడు అభిమాని ఏం చేయాలి అన్న ప్రశ్నకు కేకలు వేయాలి, గంతులు వేయాలి, స్పృహ తప్పాలి, పైవన్నీ అని నాలుగు జవాబులిచ్చారు. గోద నాలుగూ కొట్టేసి పక్కన "ఊరికే వినాలి" అని రాసింది. దానికి ఉన్న మార్కుల్లోంచి కూడా కోశారు.

అభ్యంతరాలు స్వీకరించడానికి ఒక నిపుణుల సంఘం వేశారు. గోద ఆ గాయకుడే చెప్పిన మాటలు ఫోనులో చూపించి, ఆయన పుట్టిన ఊరు అదేనని రుజువు చేసింది. సంఘం చాలాసేపు చర్చించి, గాయకుడు ఎక్కడైనా పుట్టి ఉండవచ్చునని, జవాబు మాత్రం మారదని తీర్పు చెప్పింది.

ఇంటికి వచ్చి గోద చెప్పులు విప్పుతూ, "మళ్ళీ తప్పాను నాన్నా" అంది. నవ్వుతూనే అంది. కానీ అలివేలు ఆ రాత్రి కూతురి గది గుమ్మంలో పక్క వేసుకుంది.

నరహరి మర్నాడు తలొంచుకుని మార్కండేయులు గారి గదికి వెళ్ళాడు. తన కూతురు నిజమైన అభిమాని అని చెప్పాడు. ఆయన ఎంతో సానుభూతితో విన్నారు. నిజమైన అభిమానులతోనే చిక్కు వస్తుందని, వాళ్ళు ఎప్పుడు ఏం చేస్తారో ముందుగా చెప్పలేమని, పైగా కన్వీనరు రక్తసంబంధీకులు అభిమానులు కావడం ఆశ్రిత పక్షపాతం కిందికి వస్తుందని వివరించారు.

"అమ్మాయిని నిరుత్సాహపడవద్దని చెప్పండి. సప్లిమెంటరీ పెడతాం."

"ఎప్పుడు సార్?"

"కార్యక్రమం అయ్యాక."

శిక్షణ మైదానంలో మొదలైంది. ఒక ఈల వేస్తే కేక, రెండు వేస్తే చేతులూపడం, పొడుగ్గా వేస్తే ఎంపికైనవాళ్ళు స్పృహ తప్పడం. పెద్ద పెద్ద గాయకుల కచేరీల్లో జనం సొమ్మసిల్లి పడిపోతారని మార్కండేయులు గారు ఎక్కడో చదివారు. వార్డుకు ఇంతమంది పడిపోవాలని కోటా పెట్టారు. పడిపోయేవాళ్ళు అందుకు తగినంత ఆరోగ్యంగా ఉన్నారని ప్రభుత్వ వైద్యాధికారి ధ్రువపత్రం తేవాలన్నారు. రక్తం తక్కువున్న వాళ్ళను తీసేశారు. వాళ్ళు ఈల వేయకముందే పడిపోతున్నారు.

పొదుపు సంఘాల నాయకురాలు గంటా నూకరత్నానికి ఈ పద్ధతి నచ్చలేదు. చేపల బజారులో ఆమె గొంతు విప్పితే రేవు దాకా వినిపిస్తుంది. ఆమె నరహరిని పక్కకు పిలిచింది.

"ఏటి బాబూ ఇది. సబకెళ్తే సప్పట్లు కొట్టేం, జెండాలూపేం. మంచిదే. ఈ పడిపోడం ఏటి? కోక పాడైపోదా?"

నరహరి, కేకలు మాత్రం బాగా వేస్తున్నారని మెచ్చుకున్నాడు.

"అరవమంటే అరుత్తాం. నీళ్ళ టాంకీ కాడ రోజూ అరుత్తానే ఉన్నాం బాబూ. అప్పుడెవులూ అబిమానం అన్లేదు."

ఇంతలో మార్కండేయులు గారికి ఇంకో లోపం కనిపించింది. మన ప్రాంతంలో ఎదుటివర్గం లేకుండా ఏ అభిమాన సంఘమూ నిలబడదు. ఒక హీరో పోస్టరు మీద ఇంకో హీరో మనుషులు పేడ కొడితే గాని ఎవరి అభిమానమైనా వేడెక్కదు. అందుచేత రేవు వార్డుల వాళ్ళను వ్యతిరేక అభిమానులుగా ప్రకటించారు. ఎవరి తరఫున వ్యతిరేకమో తరవాత తెలియజేయబడునని నోటీసులో పెట్టారు. జనానికి ఈ పని మొదటిదానికన్నా నచ్చింది. ఆ వర్గంలోకి బదిలీ కోసం సిఫారసులు వచ్చాయి. గొడవ జరగక ముందే సర్కిల్ ఇన్‌స్పెక్టరు శాంతి సంఘం సమావేశం పెట్టి, రెండు వర్గాల వాళ్ళకూ ఒకరి చేత ఒకరికి టీలు ఇప్పించారు.

కటౌట్ పని ఊళ్ళో పాత సినిమా చిత్రకారుడికి అప్పగించారు. ఆయన చేతికిచ్చిన ఫొటోలో టోపీ పెట్టుకుని, కళ్ళు దించుకుని, ఒక బక్కపలచటి కుర్రాడున్నాడు. ఇంత బక్కమనిషి నలభై అడుగుల ఎత్తున నిలబడడని, గాలికి పడిపోతాడని చిత్రకారుడు చెప్పాడు. నిలబడడానికి కావలసిన ఛాతీ ఇచ్చాడు. ఛాతీకి తగిన మీసం పెట్టాడు. కళ్ళు ఎర్రగా చేశాడు. మార్కండేయులు గారు చూసి, ఇప్పుడు నాయకత్వ లక్షణాలు కనబడుతున్నాయన్నారు. ఆ బొమ్మనే అభిమానుల గుర్తింపు కార్డుల మీద వేయించారు. ఆ బొమ్మనే గేటు దగ్గర కాపలావాళ్ళకు ఇచ్చి, ఈయన వస్తే దారి వదలండి, ఇంకెవరు వచ్చినా కార్డు అడగండి అన్నారు. క్షీరాభిషేకానికి పాలు డెయిరీ నుంచి తెప్పించారు. అంగన్‌వాడీ పిల్లలకు ఆ రోజు పాలు లేవు. నరహరి, ఆ పాలు మళ్ళించే కాగితం మీద సంతకం పెట్టేటప్పుడు కలం కాసేపు ఆపాడు, కానీ పెట్టాడు.

ఆ రోజు రానే వచ్చింది. గాయకుడి బృందం మధ్యాహ్నమే దిగింది. పదిమంది ఒకే రకం టోపీలు పెట్టుకుని ఉన్నారు. అతిథి గృహంలో వాళ్ళకు ఊరి పెద్దలు దండలు వేశారు. వేసిన వాళ్ళలో ఒక్కరికి కూడా ఎవరి మెడలో వేస్తున్నదీ తెలియదు. సాయంత్రం వేదిక ఎక్కించే వేళకు చూస్తే, తొమ్మిది మందే ఉన్నారు. షెన్ లుయో లేడు. ఎక్కడికి వెళ్ళాడని అడిగితే, కాసేపు నడిచి వస్తానని వెళ్ళాడని, వస్తాడని అతని మేనేజరు దుబాసీ ద్వారా చెప్పి, అరటిపండు ఒలుచుకున్నాడు.

పదివేల మంది కూర్చుని ఉన్నారు. గేట్లకు తాళాలు పడ్డాయి. ముఖ్య అతిథిగా వచ్చిన పెద్దాయనకు పక్క ఊళ్ళో ఇంకో ప్రారంభోత్సవం ఉంది. కంపెనీ ప్రతినిధులు ఇద్దరు ముందు వరసలో గడియారాలు చూసుకుంటున్నారు. కమిషనరు గారి ముఖాన నెత్తురు లేదు. మార్కండేయులు గారు మాత్రం చలించలేదు.

"ఉత్తర్వులో ఉన్నది అభిమానం గురించి. గాయకుడనే అంశం అందులో ఒక భాగం మాత్రమే. భాగం కోసం మొత్తాన్ని ఆపడం పరిపాలన కాదు."

ఈల వేశారు. వేదిక మీద ఒక కుర్చీ, దాని ముందు ఒక మైకు ఉన్నాయి. పదివేల మంది ఆ కుర్చీని చూసి కేక వేశారు. నూకరత్నం గొంతు అన్నిటికన్నా పైన వినిపించింది. రెండు ఈలలకు చేతులు లేచాయి. కటౌట్ మీద పాలు పోశారు, రేవు వార్డుల వాళ్ళు క్రమశిక్షణతో పేడ కొట్టారు. కంపెనీ ప్రతినిధులు లేచి నిలబడి, చెవుల్లో వేళ్ళు తీసి, ఫోన్లతో చిత్రీకరించడం మొదలుపెట్టారు. ఇంతటి ఆదరణ తమ దేశంలో కూడా చూడలేదని ఒకాయన అన్నట్టు దుబాసీ చెప్పాడు.

నరహరిని గేటు బయటికి పంపారు. గాయకుడు వస్తే సగౌరవంగా లోపలికి తీసుకురావడం ఆయన పని.

గేటు బయట, కాలువ మీది కల్వర్టు గట్టున గోద కూర్చుని ఉంది. ఇద్దరు స్నేహితురాళ్ళు పక్కన ఉన్నారు. చూడనివ్వకపోయినా మైకులో వినిపిస్తుందని వచ్చారట. నరహరి కూతురి ముఖం వైపు చూడలేక, జేబులోంచి బొమ్మ తీసి, మీసాలవాడు ఎటునుంచి వస్తాడా అని రోడ్డు వైపు చూస్తూ నిలబడ్డాడు.

సందులోంచి ఒక కుర్రాడు నడుచుకుంటూ వచ్చాడు. చేతిలో సగం తిన్న మొక్కజొన్న పొత్తు ఉంది. గేటు పక్క చిన్న తలుపు దగ్గరికి వచ్చి లోపలికి అడుగు పెట్టబోతే, హోంగార్డు లాఠీ అడ్డం పెట్టి కార్డు అడిగాడు. కుర్రాడికి అర్థం కాలేదు. తల వంచి నమస్కారం చేశాడు. హోంగార్డు తన దగ్గరున్న బొమ్మ చూశాడు, కుర్రాణ్ణి చూశాడు, మీసం లేదని చెప్పి పక్కకు తప్పుకోమన్నాడు. నరహరి కూడా బొమ్మ చూశాడు. ఆయనకూ పోలిక తెలియలేదు.

ఎందుకో తిరిగి కూతుర్ని చూశాడు. గోద లేచి నిలబడి ఉంది. కేక వెయ్యలేదు, పరిగెత్తలేదు. ఒక చెయ్యి మాత్రం గుండె మీద పెట్టుకుంది. కళ్ళ వెంట నీళ్ళు కారుతూంటే తుడుచుకోవాలన్న ధ్యాస కూడా లేదు. ఇన్నాళ్ళూ పదివేల మందికి ఈలలు వేసి నేర్పినది ఎలా ఉంటుందో నరహరి అప్పుడు చూశాడు. వచ్చినవాడు ఎవరో ఆ ముఖంలోనే తెలిసిపోయింది.

గోద మెల్లగా రెండు మాటలు అంది. కుర్రాడు ఉలిక్కిపడి వెనుదిరిగాడు. ఆ ఊళ్ళో తన భాష వింటానని అనుకోలేదు కాబోలు. దగ్గరికి వచ్చి ఏదో అడిగాడు. గోద కూడబలుక్కుని చెప్పింది. లోపలినుంచి ఇంకో కేక లేచింది.

"ఏమంటున్నాడమ్మా?"

"లోపల పాడుతున్నదెవరని అడుగుతున్నాడు నాన్నా."

"ఏం చెప్పావు?"

"మీరే అని చెప్పాను."

కుర్రాడు కాసేపు ఆ గోడ వైపు చూశాడు. గోడ మీదుగా కనబడుతున్న ఎర్రకళ్ళ కటౌట్‌ను చూశాడు. పాలు, పేడ కలిసి దాని మీసం మీదుగా కారుతున్నాయి. తరవాత కల్వర్టు గట్టు మీద, గోద కూర్చున్న చోటికి కొంచెం ఎడంగా కూర్చుని, టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని, నవ్వి ఏదో అన్నాడు.

"అక్కడ నేను పాడుతూంటే, ఇక్కడ నాకు పనేమీ లేదు కదా అంటున్నాడు" అంది గోద.

పాట మొదలైంది. మైకు లేదు, వాద్యం లేదు. తలుపు గడియ పెట్టిన గదిలోంచి నరహరి నెలల తరబడి విన్న గొంతే, కాకపోతే ఇప్పుడు మధ్యలో తలుపు లేదు. ముగ్గురు ఆడపిల్లలూ కదలకుండా కూర్చున్నారు. హోంగార్డు కూడా లాఠీ చంకలో పెట్టుకుని నిలబడిపోయాడు.

నరహరి చేయవలసింది ఆయనకు తెలుసు. ఒక్క అడుగు వేసి, గేటులోకి ఒక్క మాట చెబితే చాలు, సగౌరవంగా లోపలికి తీసుకుపోతారు. ఈలలు వేస్తారు. కానీ గర్భగుడి దాకా రాలేనివాళ్ళ కోసమే ఉత్సవమూర్తి వీధిలోకి వస్తాడని చిన్నప్పుడు తండ్రి చెప్పిన మాట తలపుకొచ్చింది. పాటలు పాడే కుర్రాణ్ణి దేవుడితో పోల్చడమేమిటని మనసు వెనక్కి లాగింది. లాగినా, అడుగు మాత్రం పడలేదు.

గేటు పక్క చిన్న తలుపు తెరుచుకుని మార్కండేయులు గారు వచ్చారు. చొక్కా తడిసిపోయింది, ముఖం వెలిగిపోతోంది. స్పృహ తప్పడంలో లక్ష్యాన్ని మించిపోయామని, కన్వీనరు వచ్చి ధ్రువీకరించాలని చెప్పబోతూ, గట్టు మీద పాట విని ఆగిపోయారు. కనుబొమలు ముడిపడ్డాయి.

"ఏమిటిది? లోపల సంగీత కార్యక్రమం జరుగుతూంటే ఇక్కడ పాటలేమిటి? ఎవడతను?"

గోద తండ్రి వైపు చూసింది. షెన్ లుయో కళ్ళు మూసుకుని పాడుతూనే ఉన్నాడు.

నరహరి బతుకులో తెలిసి అబద్ధం ఆడి ఎరగడు. నామం పెట్టుకున్న నుదుటితో ఆడకూడదని ఆయన నియమం.

"ఎవరో బాటసారి అండి. పాట కాగానే పంపించేస్తాను."

మార్కండేయులు గారు తొందరగా పంపించమని చెప్పి, తలుపు వేసుకుని లోపలికి వెళ్ళిపోయారు. పొడుగ్గా ఈల వినిపించింది. గోడ అవతల మరో వార్డు పడిపోయింది.

నరహరి కల్వర్టు చివర కూర్చున్నాడు. చేసిన తప్పుకు చెంపలు వేసుకుందామని రెండు చేతులూ ఎత్తాడు. చప్పుడవుతుందని ఆగిపోయాడు.